ఆపా పెంచిన తెగులు

జహానారా ఆపా స్నానాలగదిలో జారిపడి మంచం పట్టిందని ఆమె చెల్లెలి కూతురు నస్రీన్ ఫోన్ చేస్తే, వేసవి చివర్లో ఒకరోజు పొద్దున్నే శంషాబాద్ వెళ్ళాను. బస్టాండు దాటి లోపలికి పోతే, కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో మూడో అంతస్తు వాళ్ళది. నస్రీన్ విమానాశ్రయంలో సరుకుల విభాగంలో పనిచేస్తుంది. డ్యూటీకి దగ్గరని ఇక్కడ ఇల్లు తీసుకుంది. పాతబస్తీ వదిలి రావడం ఆపాకు ఇష్టం లేకపోయినా, అక్కడ చూసేవాళ్ళు లేక వచ్చింది. ఆమె మంచం కిటికీ పక్కన వేశారు. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగా అదిరేది. ఆమె మాట ఆపి, ఆ చప్పుడు పోయాక వదిలిన చోటినుంచే మళ్ళీ మొదలుపెట్టేది. ఎముక విరగలేదు, కమిలిందంతే. నేను తెచ్చిన బత్తాయిలను పక్కన పెట్టించి, నా పిల్లల గురించీ ఆరోగ్యం గురించీ ఒక్క మాటైనా అడగకుండా, "సుజా, మీ తాత చెల్క ఇప్పుడు దేని కిందికి వచ్చింది?" అని అడిగింది.

నాకు సరిగ్గా తెలియదు. నస్రీన్ చెప్పింది. "గోడౌన్ల కిందికి పోయింది ఖాలా. మా ఆఫీసు వెనకనే."

"అంటె పునాదులు తవ్వి ఉంటరు. గా మట్టి తీస్కపోయి ఎక్కడ పోసిండ్రు?"

"ఎవరికి తెలుసు? లారీలల్ల పోయింది."

"గది మంచి మట్టి గాదు. ఎవరి చేన్ల పోసిండ్రో ఏమో" అంది ఆపా. నస్రీన్ నవ్వింది. నేనూ నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాను. నిజంగానే దిగులుపడుతోంది. ఆ నేలను అంత చెడ్డగా తయారు చేసింది ఆమే. దాన్ని చెడగొట్టడానికి ఆమె పడ్డ కష్టం మా ఊళ్ళో ఎవరూ తమ పొలం బాగు చేసుకోవడానికి కూడా పడలేదు. ఆ పని ఏమిటో, ఎందుకు చేసిందో తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ నా తమ్ముడూ కాక బహుశా ఇంకెవరూ లేరు. తిరుగుదారిలో బస్సులో కూర్చుని, ఇది రాసిపెట్టాలని అనుకున్నాను.

మా ఊరు శంషాబాద్‌కూ మంఖాల్‌కూ మధ్యన ఉండేది. ఎర్ర చెల్కలు, అక్కడక్కడా బండరాళ్ళు, బావుల కింద కొద్దిపాటి వరి. మిగతాదంతా వానమీద ఆధారపడిన జొన్న, కంది, ఆముదం. మా ఇంట్లో ఆముదం లేని పని లేదు. దీపానికి అదే, తలకు అదే, బండి ఇరుసుకు అదే, పసిపిల్లల కడుపు గట్టిపడితే అదే. ఆముదం వండే రోజున నాయనమ్మ ఇంకో పని పెట్టుకునేది కాదు. గింజలను మంగలంలో దోరగా వేయించి, రోట్లో ముద్దయ్యేలా దంచి, పెద్ద కుండలో నీళ్ళతో కలిపి పెరట్లో మూడురాళ్ళ పొయ్యి మీద పెట్టేది. ఉడికేకొద్దీ నూనె పైకి తేలుతుంటే కొబ్బరిచిప్ప గరిటెతో నెమ్మదిగా తేర్చి ఇంకో గిన్నెలోకి తీసేది. కమురు కొట్టినట్టు ఉండే ఆ వాసన బట్టలకు, గోడలకు, చివరికి బడిలో నా పలకకు కూడా పట్టేది. తోటి పిల్లలు ముక్కు మూసుకునే వీలు లేదు, అందరిళ్ళలోనూ అదే వాసన. నూనె తేర్చేటప్పుడు ఎవరైనా మాట్లాడితే నాయనమ్మ గరిటె చూపించేది. మాట్లాడితే నూనె కిందికి దిగిపోతుందని ఆమె నమ్మకం. ఆ పెరట్లో ఆ ఒక్క పూటే మేమంతా నోరు మూసుకుని కూర్చోవడం.

అలాంటిది ఒక ఏడు ఆముదం చేలు నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండడం మొదలైంది. చెట్టు నడుమెత్తు పెరిగి, గెల వేసే సమయానికి ఆకులు పసుపెక్కి వేలాడేవి. వారం తిరిగేసరికి చెట్టు కట్టెయ్యేది. మొదట ఒక మూల, మర్నాటి ఏడు ఇంకో మూల. మా తాత పెంటయ్య చెల్కలో అది అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది. తాత ఎరువు మార్చాడు, విత్తనం మార్చాడు, ఒక ఏడు బీడు పెట్టాడు. మళ్ళీ వేస్తే మళ్ళీ ఎండింది. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఎండుడు అనేవారు. నాయనమ్మ ఆముదం షాద్‌నగర్ అంగడి నుంచి సీసాలో కొని తెప్పించడం మొదలుపెట్టింది. ఆ సీసా మూత తీసి వాసన చూసి, అందులో ఏదో కలిపారని ప్రతిసారీ అనేది.

జహానారా ఆపా మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు తాత అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆమెది పాతబస్తీ. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవేమో. ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఎర్రబస్సు దిగి, మట్టిదారిన ఒంటరిగా గొడుగు వేసుకుని నడిచి వచ్చింది. తెల్ల సల్వార్ మోకాళ్ళ దాకా ఎర్రబడింది. అంతకు ముందు కూడా సర్కారు మనుషులు వచ్చేవారు కానీ జీపులో వచ్చి, రోడ్డు పక్కనున్న మంచి చేను చూసి పోయేవారు. ఈమె ఆ ఊరూ ఈ ఊరూ తిరిగి అడిగిన ప్రశ్న వేరు.

"బాపు, ఊర్ల అన్నిటికన్న ఎక్కువ ఎండిన చేను మీదేనట గద?"

తాతకు కోపం వచ్చింది. "అయితేంది? చూసి పోదామని వచ్చినవా?"

"గా చేను నాకు కావాలె. పంట తీయనీకి గాదు. రోగం పోకుంట చూసుకోనీకి."

తాత తాడు పక్కన పెట్టాడు. లోపలినుంచి నాయనమ్మ, "ఏందట?" అని కేకేసింది.

"రోగాన్ని సాకుతదట" అన్నాడు తాత.

"సాకుకుంటె వాళ్ళింట్ల సాకుకొమ్మను. మనింట్ల ఎందుకు?"

ఆపా నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. అరుగు చివర కూర్చుని, చేతిలో గొడుగుకొనతో మట్టిలో గీతలు గీస్తూ చెప్పింది. "బాపు, మంచి నేలల అన్ని చెట్లు బతుకుతయి. గవిట్ల ఏది గట్టిదో, ఏది ఉత్తదో ఎట్ల ఎరుకైతది? చంపె నేలల పెట్టాలె. వంద రకాలు పెడ్త. అన్ని చస్తయి. ఏదన్న ఒక్కటి బతికిందనుకో, గదే మనకు కావాలె. గందుకే నాకు చంపె నేల కావాలె. మా ఫారంల నేల మంచిగున్నది, గాడ ఏది చస్తలేదు."

తాత ఆ సాయంత్రం చేనుకు పోయి గట్టుమీద చాలాసేపు కూర్చున్నాడని మా నాన్న చెప్పేవాడు. మర్నాడు ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. ఆ చేనుతో తనెట్లాగూ ఓడిపోయాడు కనుక ఇంకొకరు ప్రయత్నిస్తే చూద్దామనుకున్నాడేమో.

వానాకాలమంతా ఆమె మా ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేది. ఆపా అంటే వాళ్ళ భాషలో అక్క; తనకంటే చిన్నదైనా తాత కూడా ఆమెను అలాగే పిలిచేవాడు. ఊరంతా అలాగే పిలిచింది. తెల్లవారకముందే లేచి నమాజు చేసుకుని, పాలు లేని చాయ్ కాచుకుని, మేము లేచేసరికి చేన్లో ఉండేది. గదిలో ఎప్పుడూ మైదాపిండి లై వాసన. నూనె కాగితాలు కత్తిరించి, లైతో అంటించి చిన్న చిన్న సంచులు చేసి, మంచం మీద వరసగా ఆరబెట్టేది; తను కింద చాప మీద పడుకునేది. నాయనమ్మ ఆమెకు చల్ల పోసే గ్లాసు వేరే గూట్లో ఉండేది. ఆ సంగతి ఆపాకు తెలుసు. గ్లాసు తాగి, కడిగి, ఆ గూట్లోనే తనే పెట్టేది. నాయనమ్మ తర్వాత్తర్వాత ఆమెతో గంటలకొద్దీ మాట్లాడింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, ఆమె చేసిన ఖట్టా పులుసు బాగుందని రెండుసార్లు అడిగి వేయించుకుంది. గ్లాసు మాత్రం చివరిదాకా ఆ గూట్లోనే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నాకది వింతగా ఉంటుంది. అప్పుడు ఇంట్లో ఎవరికీ, బహుశా వాళ్ళిద్దరికి కూడా, వింతగా అనిపించలేదు.

చేన్లో ఆమె చేసిన మొదటి పని ఊరు ఎన్నడూ చూడనిది. ఎండిన చెట్లను రైతులు పీకి తగలబెట్టేవారు. ఆమె వాటిని కూలివాళ్ళతో తెప్పించి, వేళ్ళతో సహా ముక్కలు కొట్టించి, తాత చెల్కలో దున్నించింది. చుట్టుపక్కల చేన్లలో ఎండినవి కూడా బండ్ల మీద తోలించింది. దాంతో ఊరు లేచింది. మా చెల్కకు దిగువన వెంకటయ్య అనే రైతుకు చేను ఉంది. పంచాయతీ ఆఫీసు ముందు పదిమందిని పోగుచేసి ఆపాను, తాతను పిలిపించాడు. ఆడవాళ్ళు దూరంగా నిలబడి విన్నారు; నాయనమ్మ కొంగు పట్టుకుని నేనూ విన్నాను.

"వానొస్తె నీ చేన్ల నీళ్ళు నా చేన్లకే పారుతయి. నీ రోగం నాకెందుకమ్మా?" అన్నాడు వెంకటయ్య.

ఆపా ఆయన చేన్లోంచే తెప్పించిన చెట్టును కత్తితో నిలువునా చీరి, లోపల నల్లబడిన చారను అందరికీ చూపించింది. "గిది నేను పెట్టలె అన్నా. నేను రాకముందె ఉన్నది."

"ఉన్నదున్నది, కాదంటలే. ఉన్నది చాలదని ఇంకింత తెస్తున్నవ్ గద!"

అక్కడ ఆమె ఆగింది. చదువుకున్న మనిషి కదా, ఏదో పెద్ద మాట చెప్పి నోరు మూయిస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె చెట్టు కింద పడేసి, "గది నిజమే" అంది. తర్వాత ఆ పదిమందికీ మాటిచ్చింది. తొలకరి లోపల చెల్క చుట్టూ కందకం తవ్విస్తానని, నీళ్ళు బయటికి పారితే చేను వదిలేసి పోతానని. తవ్వించింది. ఆ ఏటి మొదటి పెద్దవానకు తడిసిముద్దవుతూ కందకం గట్టుమీద వెంకటయ్య ఒకవైపు, ఆపా ఒకవైపు నిలబడి నీళ్ళను చూశారు. కట్ట ఒకచోట కుంగితే వెంకటయ్యే పార తెచ్చి మట్టి వేశాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ పంచాయతీ పెట్టలేదు.

మొదటి ఏడు ఆమె పెట్టిన రకాలన్నీ చచ్చాయి. ఆమె సంతోషించింది. నేల తయారైందని తాతతో చెప్పి, పట్నం నుంచి వస్తూ ఖుబానీ మీఠా తెచ్చింది. చేను మొత్తం చచ్చినందుకు మిఠాయి తిన్నది మా ఇంట్లోనే అయి ఉంటుంది. రెండో ఏడూ చచ్చాయి. ఆపై ఏడు రెండో మూడో చెట్లు బతికాయి గానీ వాటి గెలలు చిటికెన వేలంత. గింజ సన్నం, నూనె లేదు. ఆమె వాటిని బంగారంలా దాచి, ఫారంలో బాగా కాసే రకంతో కలిపింది. ఆముదం గెలలో పైన ఆడపూలు, కింద మగపూలు. కింది మొగ్గలన్నీ గోటితో గిల్లేసి, ఇంకో చెట్టు పుప్పొడి తెచ్చి పైన రాసి, కాగితపు సంచి తొడిగి దారం కట్టేది. చేనంతా తెల్ల టోపీలు పెట్టుకున్నట్టుండేది. రోడ్డున పోయే బస్సులోంచి జనం తొంగిచూసేవారు. ఊళ్ళో ఆమెను టోపీల ఆపా అని కూడా అన్నారు. గాలివానకు ఒకసారి టోపీలన్నీ కొట్టుకుపోయాయి. ఆ ఏటి పని మొత్తం పోయింది. ఆరోజు మాత్రం ఆమె గది తలుపు వేసుకుంది. నాయనమ్మ తలుపు తట్టి, "ఆపా, బుక్కెడు తిను. చెట్లు ఎక్కడికి పోతయి, వచ్చే యేటికి ఉంటయి" అంది. చేను ఇచ్చినందుకు తాతను రోజూ సాధించే మనిషి ఆ మాటనడం నాకు ఆశ్చర్యంగా తోచింది.

ఎన్నేళ్ళు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. ఆమె మొదటిసారి వచ్చినప్పుడు పలక పట్టుకున్న నేను, ఆ పచ్చటి సాలు చూసిన రోజున శంషాబాద్ హైస్కూల్లో పెద్ద తరగతిలో ఉన్నాను. కార్తీకమాసపు ఎండ. అటువైపు ఎండిన చెట్లు, ఇటువైపు ఎండిన చెట్లు, మధ్యలో ఒక్క సాలు మాత్రం ముదురు పచ్చగా, ఎర్రటి కాండం మీద బూడిద పూసినట్టున్న తెల్లటి పొడితో, మోచేతి పొడుగు గెలలతో నిలబడి ఉంది. తాత ఆ సాలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. ఒక చెట్టు దగ్గర ఆగి, "చీరనా?" అని అడిగాడు. మామూలుగా ఆమె ఎవరినీ చెట్టు ముట్టనిచ్చేది కాదు. సరేనంది. తాత మొలలోని కత్తి తీసి కాండం చీరాడు. లోపల వెన్నలా తెల్లగా ఉంది. తాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, నాకిచ్చాడు, నాన్నకిచ్చాడు. ఆపా వేరేవైపు తిరిగి దుపట్టాతో ముఖం తుడుచుకుంటూ, చెమట అని ఎవరూ అడగకుండానే చెప్పింది.

ఆ తర్వాతిదంతా ఆఫీసు పని. వేరే జిల్లాల్లో వేసి చూడడం, కాగితాలు, అనుమతులు. చివరికి ఆ విత్తనాన్ని రైతులకు విడుదల చేస్తూ పెద్ద సభ పెట్టారు. షామియానాలు, మైకులు. లారీల్లో రైతులను తోలారు. విత్తనానికి ఒక నంబరు పెట్టారు. పరిశోధన కేంద్రం పెద్దసారుకు శాలువా కప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. పైవాళ్ళతో కొట్లాడి అనుమతులు తెచ్చింది ఆయనే. సర్కారులో పని కేంద్రానిదే గానీ ఒక మనిషిది కాదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడనుకుంటాను. కేంద్రానికి కప్పాల్సిన శాలువా ఎవరో ఒకరి భుజాల మీద కప్పక తప్పదు, అవి ఆయన భుజాలయ్యాయి. ఆపా మా పక్కన, రైతుల వరసల్లో, ఇస్త్రీ చేసిన లేత ఆకుపచ్చ దుస్తుల్లో కూర్చుంది. తన పేరు చదువుతారని ఆమె ఎదురుచూసింది. పెద్దసారు మాట్లాడుతున్నంతసేపూ దుపట్టా అంచు సరిచేసుకుంటూ, లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచున కూర్చోవడం నేను చూశాను. ఆ పేరు రాలేదు.

చేను ఇచ్చిన రైతుగా తాతను వేదిక మీదికి పిలిచి దండ వేసి, రెండు మాటలు చెప్పమన్నారు. తాత జీవితంలో మైకు పట్టుకోలేదు. అటూఇటూ చూసి, "గీ ఇత్తనం ఆపాది" అన్నాడు. ఇంకేం చెప్పాలో తోచక మళ్ళీ, "ఆపా ఇత్తనం ఇది" అని మైకు ఇచ్చేశాడు. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళకు అర్థం కాలేదు. వేదిక మీద ఎవరూ ఆ మాటను అందుకోలేదు.

ఇంటికొచ్చాక ఆపా బాధను దాచుకోలేదు. "నా పేరు చదవాల్సి ఉండె" అంది అరుగు మీద కూర్చుని. "నాకు కావాలె గది. ఎందుకు అక్కర్లేదు? నా ఈడు పోరిలంత సంసారాలు చేస్కుంటుంటె నేను ఈడ మట్టి పిసికిన. మా అమ్మీ ఉన్నది, ఆమెకు వినపడాల్సి ఉండె."

"నేను చెప్పిన గద ఆపా" అన్నాడు తాత చిన్నబోయి.

"మీరు చెప్పిండ్రు బాపు. వాళ్ళు చెప్పలె."

నాయనమ్మ చల్ల తెచ్చి ఇచ్చింది. కొన్నాళ్ళకు ఆమెను దూరపు కేంద్రానికి బదిలీ చేశారు. అక్కడ వేరే పంట అప్పగించారు. పండుగలకు ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఫోన్లు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. తాత పోయినప్పుడు వచ్చి, మగవాళ్ళ వెనక చాలా దూరంలో నిలబడి, మట్టి వేసేదాకా ఉండి వెళ్ళింది.

ఆ విత్తనం మాత్రం ఊళ్ళను పట్టుకుంది. చేలు మళ్ళీ పచ్చబడ్డాయి. నాయనమ్మ మళ్ళీ పెరట్లో పొయ్యి పెట్టింది. నంబరు ఎవరి నోటికీ తిరగక, తాత మైకులో అన్న మాటే జనం అందుకున్నారు. కొంతకాలానికి విమానాశ్రయం వచ్చి మా ఊరి నేలలో చాలా భాగం పోయింది. శ్రీశైలం, మా తమ్ముడు, కందుకూరు అవతల భూమి కొనుక్కుని అక్కడే సేద్యం చేస్తున్నాడు. ఇప్పుడు ఆ దారిలో వెళ్తుంటే పెద్ద పెద్ద బోర్డుల మీద విత్తనాల ప్రకటనలు కనిపిస్తాయి. సంచిమీద సినిమా తారల బొమ్మలుంటాయి. అప్పుడు విత్తనానికి ముఖమే ఉండేది కాదు, ఇప్పుడు అతికించిన ముఖం ఉంది. రెండింట్లోనూ దాన్ని తయారు చేసిన మనిషి కనపడడు. రోడ్లకు, చౌరస్తాలకు, పథకాలకు పేర్లు పెట్టేటప్పుడు కూడా, ఆఫీసుల్లో నెలజీతానికి పనిచేసి ఒక జిల్లా పంటను నిలబెట్టినవాళ్ళు ఎవరికీ గుర్తుకురారు. దీని మీద కోపం తెచ్చుకునే వయసు దాటాను. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

శంషాబాద్ నుంచి వచ్చిన కొద్దిరోజులకు తొలకరి పడింది. తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు, వాడి వెంట కందుకూరులో విత్తనాల దుకాణానికి వెళ్ళాను. నా పక్కనే ఒకతను ఆప ఇత్తనం ఉందా అని అడిగాడు. నా చెవులు నిక్కాయి. దుకాణదారు ముప్పై ఏళ్ళ కుర్రాడు. ఆప ఇత్తనం అంటే ఏమిటని అడిగాను, తెలియనట్టు.

"సర్కారు ఇత్తనమమ్మా. రోగాన్ని ఆపుతది గద, గందుకే ఆప ఇత్తనం అంటరు" అన్నాడు ధీమాగా.

అంత చక్కటి అర్థం చెప్పాక కాదనబుద్ధి కాలేదు. ఆపాకు చెప్తే నవ్వుకుంటుందని ఆ సాయంత్రం ఫోన్ చేశాను. ఆమె నవ్వలేదు. "ఏ దుకాణం?" అంది. ఆ ఆదివారం నస్రీన్‌కు సెలవు. వద్దని ఎంత చెప్పినా వినక, చేతికర్ర పట్టుకుని కారెక్కింది. నేను తుక్కుగూడ దగ్గర కలుసుకున్నాను. దారి పొడుగునా ఆపా కిటికీలోంచి చూస్తూ ఏ చేన్లో ఏం వేశారో చెబుతూ వచ్చింది. వేయడానికి చేలు తక్కువ, ప్లాట్ల రాళ్ళు ఎక్కువ.

దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. ఆపా మెట్టు మెల్లగా ఎక్కి, గల్లా దగ్గరికి పోయి, ఊపిరి తీసుకుని అంది. "బేటా, ఆప అంటె ఆపుడు గాదు. ఆపా అంటె నేను."

కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. నస్రీన్ సిగ్గుపడుతూ వెనక నిలబడింది. నేను నాలుగు మాటల్లో చెప్పాను. కుర్రాడు లేచి నిలబడి స్టూలు వేశాడు, చాయ్ తెమ్మని ఎవరినో కేకేశాడు. ఫోను తీసి ఫోటో దిగుదామన్నాడు. ఆపా దుపట్టా సరిచేసుకుని ఫోటోకు కూర్చుంది. అంతలో గోనెసంచుల దగ్గర నిలబడ్డ ఒక నడివయసు రైతు ముందుకొచ్చాడు. ఆయన దండం పెట్టలేదు, మెచ్చుకోలేదు.

"నువ్వేనా అమ్మా చేసింది? అయితె గిది చెప్పు. నిరుడు నా చేన్ల ఒక మూల మళ్ళ ఎండింది. గిట్లయితె ఎట్ల?"

ఫోటో తీస్తున్న కుర్రాడు, "పెద్దమ్మను పరేషాన్ చెయ్యకే, మామా" అన్నాడు. ఆపా వాడిని చేత్తో ఆపింది.

"ఎండిందా? నడుమెత్తుల ఎండిందా, గెల ఏసినంక ఎండిందా?"

"గెల ఏసినంక."

"నిరుడు కట్టె పీకి ఏం చేసినవ్?"

"పొయ్యిల పెట్టుకున్న. ఇంకా కొంచెం ఉన్నది ఇంటి వెనక."

"కాల్చకు. నేను చూడాలె" అంది ఆపా, కర్ర వెతుక్కుంటూ. నస్రీన్ అడ్డుపడింది. డాక్టరు ఎక్కువ తిరగొద్దన్నాడని, కావాలంటే కేంద్రం వాళ్ళకు ఫోన్ చేసి చెబుదామని. రైతుకు ఆ మాట నచ్చలేదు.

"వాళ్ళకేం ఎరుక? ఇత్తనం నీదే గద. నువ్వే చెప్పాలె మరి" అన్నాడు ఆపాతో, కొంచెం గట్టిగానే.

ఆపా లేచి నిలబడి నావైపు తిరిగింది. "విన్నవా సుజా? నాదేనంట" అంది. చాయ్ వచ్చేలోపలే మెట్టు దిగింది.